నేలను చూసే కన్ను

మెరిసింది.

కుడికాలి బొటనవేలికి జానెడు దూరంలో, తడిసిన గులకరాళ్ల నడుమ, సూదిమొనంత వెలుగు. విశ్వాసమ్మ ఊపిరి బిగబట్టింది. తల కదపలేదు. మెరుపు కనపడినప్పుడు తల కదిపితే అది చచ్చిపోతుంది, మళ్లీ దొరకదు. చూపు అక్కడే గుచ్చి, మోకాళ్లు మాత్రం వంచుతూ నిదానంగా కిందికి దిగింది. చెయ్యి చాచింది.

వేళ్లకు బురద తగిలింది.

"ఏమన్నా ఉండాదా అత్తా?" వెనక నుంచి కోడలు స్తుతి అడిగింది.

"గమ్మునుండు."

ఎడమవైపు మెరిసింది. అటు వంగింది. అక్కడా బురదే. లేచి నిలబడేసరికి మూడోది, చూపు కొసన, కొంగు పక్కన. ముప్ఫై ఏళ్లుగా ఈ వాలు తొక్కుతున్న మనిషికి ఏ ఏడూ ఇంత మెరుపు కనపడలేదు. రాయికి కాళ్లొచ్చినట్టు, తాను ఎటు తిరిగితే అది అటు తిరుగుతోంది.

అప్పుడు అర్థమైంది. మెరుస్తున్నది నేల కాదు. తన కన్ను.

"థూ!" అని అక్కడే చతికిలబడింది.

పత్తికొండ చుట్టుపక్కల తొలి వాన పడితే చాలు, జనం చేలల్లో వాలిపోతారు. వాన మట్టిని కడిగేస్తుంది, రాళ్లు పైకి తేలుతాయి, వాటిలో ఏ ఒక్కటో వజ్రం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, చెట్ల కింద వండుకుని తిని, నాలుగు రోజులు వెతికి వెళ్లేవాళ్లు చాలామంది. విశ్వాసమ్మ ఆ బాపతు కాదు. ఆమెకు ఇదే పని. వాళ్లమ్మకూ ఇదే పని.

ఈ పనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వజ్రం అన్న మాట నోట రాకూడదు, రాయి అనాలి. వెతకడానికి పోతున్నానని అనకూడదు, చేనుకాడికి పోయొస్తా అనాలి. ఎక్కడ వెతుకుతున్నదీ కన్నబిడ్డకైనా చెప్పకూడదు. చెప్పిన చోట రాయి నిలవదు అంటారు. విశ్వాసమ్మ సున్నపుగుట్ట వాలులో మూడు రాళ్లు ఏరింది. అవి కోడుమూరు వంకలో దొరికాయని ఆమె మొగుడు చనిపోయేదాకా నమ్మాడు. ఊళ్లో అందరూ కింది నల్లరేగడి చేలల్లో దేవులాడుతారు. ఈ గుట్టమీద విలువలేని తెల్ల పలుగురాయి తప్ప ఏమీ లేదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె చెదరనివ్వలేదు. ఈ ఏడు కళ్లు బాగాలేక, చెయ్యి పట్టుకుని నడిపించడానికి కోడలిని వెంట తెచ్చుకోవలసి వచ్చింది. తెచ్చేముందు బైబిలు మీద ఒట్టు వేయించుకుంది.

ఉగాది తర్వాత కర్నూలులో కుడికంటికి శుక్లం తీసి లెన్సు వేశారు. ఎడమకంటికి ఇంకా శుక్లం అలాగే ఉంది, మజ్జిగలోంచి చూసినట్టు. కుడికన్నుతో దూరంగా వచ్చే బస్సు బోర్డు చదవగలదు. చర్చిలో కీర్తనల పుస్తకం చదవగలదు. కానీ నిలబడి తన కాళ్లకాడి నేల చూస్తే, నీళ్లు పోసిన చిత్రంలా అంతా కలిసిపోతోంది. ఎండ తగిలితే లేని మెరుపులు.

తప్పెవరిది? ఆ మాట తలచుకుంటే ఆమెకు కడుపు మండుతుంది, ఎందుకంటే జవాబు తెలుసు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ అడిగింది: "అమ్మ ఏం పని చేస్తారు?"

కొడుకు యేసుప్రసాద్ తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడు. తల్లి రాళ్లు ఏరుతుందంటే వాడికి నామోషీ. "ఏం పని లేదు మేడమ్. ఇంటికాడే ఉంటాది. బైబిలు చదువుకుంటాది" అన్నాడు.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "అంతేనా అమ్మా?" అని మళ్లీ అడిగింది. విశ్వాసమ్మ బుద్ధిగా తల ఊపింది. పని పేరు బయట చెప్పే అలవాటు ఆమెకు పుట్టి బుద్ధెరిగాక లేదు.

"మామూలు లెన్సు వేస్తే దూరం బాగుంటుంది, చదవడానికి అద్దాలు కావాలి. ఇంకోటి ఉంది, దూరమూ దగ్గరా రెండూ కనపడతాయి. మధ్య దూరం కాస్త తగ్గుతుంది. వెలుగు చుట్టూ గీతలూ మెరుపులూ రావచ్చు. ఇంట్లో ఉండేవాళ్లకు పెద్ద ఇబ్బంది కాదు."

"ఆ రెండోదే వేయండి మేడమ్," అన్నాడు యేసుప్రసాద్. "మా అమ్మకు అద్దాలే ఉండగూడదు."

ప్రేమతోనే అన్నాడు. అందుకే తిట్టడానికి కూడా వీలు లేకుండా పోయింది.

*

వాలు దిగి, ఆమె నేరుగా పత్తికొండలో మన్సూర్ కళ్లద్దాల కొట్టుకు పోయింది.

"ఏం కావాల పెద్దమ్మా?"

"కిందికి చూసేదానికి జోడు."

"కిందికంటే? బియ్యం ఏరుకునేదానికా, సూదిలో దారం ఎక్కించేదానికా?"

"అట్లాంటిదే అనుకో."

కిందికి చూడడమంటే ఒళ్లో పెట్టుకుని చూడడమే అనుకున్నాడు పాపం. రెండు కళ్లూ పరీక్ష చేసి, పైన ఒక ముక్క, కింద దగ్గర చూపుకు ఒక ముక్క ఉండే అద్దాలు కట్టి ఇచ్చాడు. అవి పెట్టుకుని కొట్టు మెట్టు దిగబోతే మెట్టు ఎగిరి మోకాలికాడికి వచ్చింది. స్తుతి రెక్క పట్టుకోకపోతే బజార్లో బోర్లా పడేది.

మర్నాడు వాలు మీద ఇంకా ఘోరం. వంగి చూస్తే చూపు కింది ముక్కలోంచి పోతుంది. కింది ముక్కేమో ఒళ్లో పుస్తకానికి. నేల ఉడుకుతున్న సంగటిలా కనపడింది. పై ముక్కలోంచి చూద్దామని గడ్డాన్ని గుండెకు ఆనించి, తల వంచి, కళ్లు పైకెత్తి నడిచింది.

స్తుతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"యాల నవ్వుతాండావు?"

"పొడిచేదానికి వస్తాండే ఎద్దు మాదిరి ఉండావత్తా."

విశ్వాసమ్మ కళ్లజోడు తీసి విసిరేయబోయి, ఆగి, మడిచి కొంగున కట్టుకుంది. సాయంత్రం అది మన్సూర్ బల్ల మీద ఉంది.

"ఇది నాకొద్దు. ఏం కనపళ్ల."

"ఈడ పుస్తకం ఇస్తే గడగడా చదివితివే!"

"పుస్తకం ఎవురికి కావాలప్పా!"

మన్సూర్ అద్దాలు తుడిచే గుడ్డను పక్కన పెట్టాడు. "పెద్దమ్మా, జోడు అనేది దూరాన్ని బట్టి కట్టేది. ఒళ్లో చూసేదానికి ఒకటి, మిషన్ కుట్టేదానికి ఒకటి, బండి తోలేదానికి ఒకటి. నువ్వు పని చెప్పవు, దూరం చెప్పవు. నేనేమన్నా సోది చెప్పేటోణ్నా? పైగా నీ లోపల పడిన లెన్సు ఒక రకం. మెరుపులు దాని గుణం. వాటిని నా అద్దం ఆపల్యాదు."

"అయితే నా బతుకింతేనా?"

"రెండో కన్ను ఉండాది కదా, ఇంకా కోయలేదు కదా. ఆడికి పోయి డాక్టరమ్మ ముందర నోరు తెరువు. దాంట్లో గూడా ఇదే పడిందనుకో, ఇంక నాకాడికొచ్చి లాభం లేదు."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఎడమకంటి ఆపరేషన్ వచ్చే వారమే.

రాత్రి అన్నాలప్పుడు కొడుకు ఫోన్ చేశాడు. స్తుతి ఫోన్ అత్త చెవికి ఆనించింది.

"మా, మళ్లా రాళ్లకు పోయినావంట?"

విశ్వాసమ్మ కోడలి వైపు ఉరిమి చూసింది. కోడలు అన్నం కుండ వైపు తిరిగింది. ఒట్టు వేసింది చోటు గురించే, పోవడం గురించి కాదు.

"పోతే ఏమి?"

"నాకు సిగ్గు మా! ఈడ అందరూ 'మీయమ్మకు ఈ ఏడేమన్నా దొరికెనా' అని నవ్వుతారు."

"నువ్వు భూమిలోకి దిగి తవ్వుతావు. నేను భూమ్మీద ఏరుతా. నీది ఉద్యోగం, నాది సిగ్గా?"

వాడు మాట మార్చాడు. "రెండో కంటికి గూడా అదే లెన్సు వేయమని డాక్టరమ్మకు చెప్పినా. మంచిది మా అది. అలవాటైతాది" అన్నాడు.

"చెప్పులు చిన్నవైతే కాలు కోసుకోమన్నట్టుండాది," అంది విశ్వాసమ్మ. ఫోన్ కోడలికి ఇచ్చేసింది. ఆ పూట సంగటి ముద్ద సగంలో వదిలేసింది.

*

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ గది లోపలే గోడవారగా ఒక బల్ల ఉంది. కంట్లో మందు వేయించుకున్నవాళ్లు కళ్లు మూసుకుని వరసగా దాని మీద కూర్చుంటారు. విశ్వాసమ్మ పేరు పిలిచారు. లోపలికి అడుగు పెట్టింది. బల్ల చివర కూర్చున్న మనిషిని చూడగానే కాళ్లు ఆగిపోయాయి.

ఉరుకుందప్ప.

పక్క ఊరివాడు. ప్రతి తొలకరికీ ఆమె ఎటు పోతుందో కనిపెట్టాలని వెంటపడేవాడు. ఒకసారి మేకలు కాసే నెపంతో వచ్చాడు, అతనికి మేకలే లేవు. ఇంకోసారి ఆమె అతణ్ని నల్లరేగడి చేలన్నీ తిప్పి తిప్పి, చివరికి చర్చిలోకి తీసుకుపోయి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టింది. ఇప్పుడు కళ్లు మూసుకుని, కాలి మీద కాలేసుకుని, బొటనవేలు ఆడిస్తున్నాడు.

"స్తుతీ, పోదాం పా," అంది గొంతు తగ్గించి.

"యాడికత్తా? ఎల్లుండే ఆపరేషన్."

డాక్టరమ్మ అప్పటికే కుర్చీ చూపించింది. అక్షరాల పలక వెలిగించింది. విశ్వాసమ్మ కుడికంటితో చివరి వరస దాకా చదివింది. చేతికి కార్డు ఇస్తే, చీమ తలకాయంత అక్షరాలూ చదివింది.

"చాలా బాగుందమ్మా! ఇంతకంటే ఏం కావాలి? మీ అబ్బాయి ఫోన్ చేశాడు. రెండో కంటికీ అదే వేసేద్దాం." ఆమె కలం తీసింది.

విశ్వాసమ్మ నోరు తెరిచింది. మూసింది. బల్ల మీద ఉరుకుందప్ప బొటనవేలు ఆడుతూనే ఉంది.

స్తుతి మోచేత్తో పొడిచింది.

"డాక్టరమ్మా," అంది విశ్వాసమ్మ. "వీళ్లను కొంచేపు బయటికి పంపు. చెప్పేది ఉండాది."

"మందేసుకున్నోళ్లను యాడికి పంపాలమ్మా? తడుముకుంటా గోడలకు గుద్దుకుంటారు," అంది పక్కనున్న నర్సు. "వాళ్లకేం కనపడదులే, చెప్పు."

కనపడకపోతేనేం, చెవుల్లో ఎవరూ మందు వేయలేదు కదా!

విశ్వాసమ్మ ముందుకు వంగి గుసగుసగా చెప్పింది. పైన ఫ్యాను గరగరలాడుతోంది.

"వినపడలేదమ్మా. గట్టిగా."

మళ్లీ చెప్పింది.

"ఏం కనపడదు? పలక మొత్తం చదివారు కదా!" డాక్టరమ్మ గడియారం చూసింది. బయట హాలంతా జనం. "అదే లెన్సు వేస్తున్నాను, సరేనా?" కలం కాగితం మీద ఆనింది.

"వద్దు!"

అరుపు విని బల్ల మీది వాళ్లందరూ మూసిన కళ్లతోనే అటు తిరిగారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పుడూ చెప్పే పని లేదు. చెప్పడానికి ఏమీ మిగలదు.

"నేను ఇంటికాడ ఉండేదాన్ని కాదమ్మా. రాళ్లు ఏరేదాన్ని. నేల మీద నిలబడి, నేల చూడాల. అదే కనపళ్ల."

బొటనవేలు ఆడడం ఆగింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "రాళ్లంటే... ఆ రాళ్లా?"

"ఆ రాళ్లే."

"మరి బైబిల్ చదువుకుంటారని చెప్పారే!"

"అదీ చదువుతాలేమ్మా."

డాక్టరమ్మ ముఖంలో జాలి లేదు, కోపమే ఉంది. "రెండుసార్లు అడిగాను. మీ నోటితోనే అవునన్నారు. ఈ మాట అప్పుడే చెప్పుంటే ఈ కంటికి ఆ లెన్సు వేసేదాన్నే కాదు. పెద్ద వెలుగులో చిన్న మెరుపు వెతుక్కునేవాళ్లకు అది పనికిరాదు. లేవండి. ఎలా వెతుకుతారో చూపించండి."

"ఈడనా?"

"ఇక్కడే."

ముప్ఫై ఏళ్లుగా ఆ నడకను ఆకాశమూ గువ్వలూ, ఈ ఏడు కోడలూ తప్ప ఎవరూ చూడలేదు. ఇప్పుడు తెల్లటి గచ్చు మీద, ట్యూబ్‌లైటు కింద, విశ్వాసమ్మ కొంగు దోపుకుంది. నడుము కొద్దిగా వంచి, చేతులు వెనక్కి కట్టుకుని, పాదం పక్కన పాదం వేస్తూ, పక్కకు పక్కకు జరుగుతూ నడిచింది. నర్సు టేపు తెచ్చి కంటి నుంచి గచ్చుకు కొలిచింది. సిగ్గుతో విశ్వాసమ్మ చెవులు కాలిపోయాయి.

"ఈ దూరానికే సరిపోయేలా ఎడమకంటికి మామూలు లెన్సు లెక్క కట్టొచ్చు," అంది డాక్టరమ్మ. "ఆ కంటితో దూరం కొంచెం మసక ఉంటుంది. దూరం కుడికన్ను చూసుకుంటుంది. రెండు కళ్లూ రెండు రకాలు కాబట్టి మొదట్లో తల తిరిగినట్టుంటుంది. కొందరికి కుదురుతుంది, కొందరికి కుదరదు."

"కుదరకుంటే?"

"కళ్లద్దాలతో సరిచేస్తాం. ఈసారి పని చెప్పి చేయించుకోవాలి."

"ఈ కుడికంట్లోది తీసి మార్చల్యావా?"

"మార్చొచ్చు. కానీ మళ్లీ కొయ్యాలి, అందులో ప్రమాదం ఉంది. కొన్ని నెలలు ఆగండి, మెదడు అలవాటుపడితే మెరుపులు తగ్గుతాయి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం." కాగితం మీద ఏదో రాస్తూ అడిగింది, "ఎండ ఎటు నుంచి పడుతుంది? ఎదురుగానా, పక్క నుంచా?"

"అదెందుకమ్మా?" అంది విశ్వాసమ్మ.

"కంటిలోకి వెలుగు ఎటు నుంచి పడితే మెరుపులు వస్తున్నాయో తెలియాలి కదమ్మా. నేల రంగు కూడా చెప్పండి. నల్లదా, తెల్లదా?"

ఆమె బల్ల వైపు చూసింది. ఉరుకుందప్ప తల గోడకు ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతున్నట్టున్నాడు. నిజంగా నిద్రపోయేవాడు అంత నిశ్శబ్దంగా ఉండడు.

అబద్ధం చెప్పొచ్చు. ఒక అబద్ధానికి ఒక కన్ను పోయింది.

"ఎదురుగా. పొద్దుటెండ. వాలు మీదినుంచి దిగుతా," అంది, మాటమాటకూ పన్ను పీకినట్టు. "ఎర్రనేల. దాంట్లో తెల్ల గులక."

డాక్టరమ్మకు అవి నాలుగు మాటలు. ఆ చుట్టుపక్కల పుట్టినవాడికి అది చిరునామా. ఎర్రనేలలో తెల్ల గులక ఉండి, తూర్పుకు దిగే వాలు అక్కడ ఒక్కటే ఉంది.

"అంచు వెడల్పున్న టోపీ పెట్టుకోండి," అంది డాక్టరమ్మ. "తర్వాతి పేరు పిలవండి."

"ఉరుకుందప్పా!" అని నర్సు కేకేసింది.

అతను ఒక్క పిలుపుకే లేచాడు.

*

ఎడమకంటి కట్టు విప్పిన పూట విశ్వాసమ్మ మంచం పక్కన నిలబడి కిందికి చూసింది. గచ్చు మీద ఒక మెతుకు. దాన్ని మోసుకుపోతున్న చీమ. చీమ నడుము.

తల తిరిగింది. తలుపు ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరానికి జరిగింది. అయినా ఆమె నవ్వింది. ఆ ఏడాదిలో అదే మొదటి నవ్వు. యేసుప్రసాద్ ఫోన్‌లో, "అదే లెన్సేనా?" అని అడిగితే, "కాదు. నా పనికి నేనే చెప్పి వేయించుకున్నా" అంది. వాడు మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకుంది, అనుకున్నాక రోజంతా ఫోన్ వైపే చూసింది.

డాక్టరమ్మ చెప్పినన్నాళ్లూ దుమ్ముకు దూరంగా ఉంది. మృగశిర కార్తె వానలు వచ్చాయి. ఒకటీ, రెండూ వదులుకుంది. బయట చినుకు చప్పుడు వింటూ పళ్లు కొరుకుతూ మంచం మీద కూర్చుంది. కొత్త చూపుకు తల తిరగడం తగ్గింది. మూడో పెద్ద వాన నాటికి డాక్టరమ్మ ఇక పోవచ్చంది.

తెల్లవారగానే టోపీ పెట్టుకుని, స్తుతిని వెంటబెట్టుకుని, సున్నపుగుట్ట పైకి చేరింది. అంచుకు వచ్చి కిందికి చూసింది.

వాలు నిండా జనం.

ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో బిడ్డలు, నీళ్ల క్యాన్లు, తువ్వాళ్లు పరిచి పెట్టిన టిఫిన్ క్యారియర్లు. ఎవరో టీ పొయ్యి కూడా వెలిగించారు. కుడికన్ను దూరానికి మహా గొప్పగా పనిచేస్తోంది, ఒక్కొక్కడి ముఖమూ గుర్తుపట్టనిచ్చింది. అందరికంటే నడిమధ్యన, నల్ల అద్దాలు పెట్టుకుని, ఉరుకుందప్ప.

"రా అక్కా, రా!" అని చెయ్యి ఊపాడు, సొంత ఇంటి పెండ్లికి పిలిచినట్టు. "ఈడ జాగా ఉండాది!"

"నా వాలు మీదికి నన్నే పిలుస్తాండావా? నీ నోట్లో మన్ను పడా!"

"నీ వాలేందక్కా? గవర్మెంటుది కదా."

"కండ్లు మూసుకుని నిద్ర నటిస్తివే, సిగ్గు లేదా?"

"నిద్రపోతాంటే చెవులు వింటాయా అక్కా? నాకు కలలో కనపడింది." చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

స్తుతి అత్త చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోదాం పా అత్తా."

పోవచ్చు. ఏడుపు కూడా వస్తోంది. విశ్వాసమ్మ ఏడవకుండా ఉండడానికి తల దించుకుంది.

కాళ్లకాడ నేల ఉంది. ప్రతి గులకా దేనికదే విడిగా, దాని అంచూ, దాని నీడా, దానికంటిన ఎర్రమట్టి గీతా. నాలుగేళ్లుగా ఇలా కనపడలేదు. చూపు ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి తడబాటు లేకుండా పోతోంది. కుడికన్ను పక్కన ఒక దొంగ మెరుపు మెరిపించింది. ఎడమకన్ను అక్కడ ఏమీ లేదని చెప్పింది.

నాలుగడుగులు దిగింది. ఆమెకు ఎదురొచ్చి నిలబడిన ఉరుకుందప్ప మడమ పక్కన తళుక్కుమంది.

ఈసారి అందరికీ కనపడింది. అయిదారు తలలు ఒక్కసారే తిరిగాయి. ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఉరుకుందప్ప బోర్లా దూకి, పిడికిలి బిగించి, మోకాళ్ల మీద లేచాడు.

విశ్వాసమ్మ నిలబడిన చోటనే నిలబడింది. రాయి అతని పిడికిట్లోకి పోకముందే దాని విరిగిన అంచూ, లోపలి పాలతెలుపూ చూసేసింది. వంగాల్సిన పని పడలేదు.

"అది పలుగురాయప్పా. పారేయ్."

ఉరుకుందప్ప ఆమె ముఖంలోకి చూశాడు. పిడికిలి చూసుకున్నాడు. తర్వాత, నీ ఎత్తులు నాకాడనా అన్నట్టు నవ్వి, రాయిని పంచె కొసన మూడు ముళ్లు వేసి కట్టుకున్నాడు. ఈ పనిలో నిజం చెప్పేవాళ్లు ఉంటారని అక్కడ ఎవరూ అనుకోరు.

"కట్టుకో," అంది విశ్వాసమ్మ. కొంగు దోపుకుంది. టోపీ కిందికి లాక్కుంది. గుట్ట అంచు నుంచి తన వరస మొదలుపెట్టి, పాదం పక్కన పాదం వేస్తూ, అడ్డమొచ్చినవాణ్నల్లా మోచేత్తో నెడుతూ దిగసాగింది.

"జరుగప్పా. జరుగు. నీ నీడ పడతాండాది."